కుటుంబ ఆరోగ్యము: తొడ నొప్పి అంతా ఎముక నొప్పి కాదు



మన ఇండ్లలో పెద్దవారు జారి పడితే మనము మొదట అడిగే ప్రశ్న ఒకటే: "ఎముక విరిగిందా?" ఆ ప్రశ్న సరియైనదే. కాని ఆ ఒక్క ప్రశ్నతోనే ఆగిపోతే ప్రాణము మీదికి వచ్చే సందర్భములు కొన్ని ఉన్నాయి. పెద్దవారు తొడలోనో గజ్జలోనో నొప్పి అని చెబుతారు. ఆ నొప్పికి కారణము కడుపులోని పేగు అయి ఉంటుంది. నిజముగా ఎముక విరిగిన వారిలో కూడ ఇలా జరగవచ్చును. అప్పుడు ఒక నొప్పి చాటున ఇంకొక వ్యాధి దాగి కూర్చుంటుంది. ఈ నెల ఆ విషయమును గూర్చి వ్రాస్తున్నాము. వ్యాధి పేరు పలకడము కష్టమే గాని సంగతి కష్టము కాదు. ఓపికగా చదవండి. ఇంట్లో చదువు రాని పెద్దవారుంటే చదివి వినిపించండి.

హెర్నియా అంటే ఏమిటి?

పాత గోనెసంచిలో ధాన్యము నింపి పెడితే ఎక్కడ కుట్టు వదులైతే అక్కడ గింజలు బయటికి పొడుచుకొని వస్తాయి. మన కడుపు కూడ అటువంటి సంచియే. చుట్టూ కండరములు, పొరలు ఉండి లోపలి పేగులను పట్టి ఉంచుతాయి. ఆ గోడలో ఎక్కడైనా సందు ఏర్పడితే పేగు అందులోనికి జారుతుంది. దీనినే హెర్నియా అంటారు. మన పల్లెల్లో "పేగు దిగింది" అని చెప్పుకునేది ఇదే.

ఎక్కువ మందికి ఇది గజ్జలోనో, బొడ్డు దగ్గరో, పాత ఆపరేషను కుట్ల మీదనో వస్తుంది. దగ్గితే ఉబ్బుతుంది, పడుకుంటే తగ్గుతుంది. కంటికి కనబడుతుంది గనుక ఇంటివారికే తెలిసిపోతుంది.

కాని కంటికి కనబడని హెర్నియాలు కొన్ని ఉన్నాయి. అవి అరుదు. అరుదు గనుకనే ఎవరికీ జ్ఞాపకము రావు. వాటిలో మన అవ్వలకు ఎక్కువ ప్రమాదకరమైన దానిని మొదట తెలిసికొందాము.

ఎముకలోని కిటికీ

నడుము క్రింద, మనము కూర్చునే చోట, గిన్నె ఆకారములో ఉండే ఎముకను కటి ఎముక అంటారు. దాని ముందు భాగములో కుడి ప్రక్క ఒకటి, ఎడమ ప్రక్క ఒకటి పెద్ద రంధ్రములు ఉన్నాయి. ఇవి దెబ్బ వలన వచ్చినవి కావు, పుట్టుకతో అందరికీ ఉండేవే. ఆ రంధ్రమును ఒక గట్టి పొర మూసి ఉంచుతుంది. ఆ పొర పైఅంచున మాత్రము ఒక చిన్న దారి ఉంటుంది. దాని పొడవు 2 లేక 3 సెంటీమీటర్లు, వెడల్పు సుమారు 1 సెంటీమీటరు. ఆ దారి గుండా ఒక నరము, రక్తనాళములు కడుపు భాగము నుండి తొడలోనికి వెళతాయి. మిగిలిన ఖాళీని కొవ్వు నింపి ఉంచుతుంది.

మనిషి బాగా చిక్కిపోయినప్పుడు ఆ కొవ్వు కూడ కరిగిపోతుంది. దారి ఖాళీ అవుతుంది. అప్పుడు చిన్నపేగు ఆ దారిలోనికి జారి ఇరుక్కుంటుంది. దీనిని అబ్ట్యురేటర్ హెర్నియా అంటారు. తొడ కండరముల క్రింద, లోతున ఉంటుంది గనుక పైకి ఉబ్బు కనబడదు. చేతికి కూడ సాధారణముగా దొరకదు.

ఇక్కడే మోసము జరుగుతుంది. ఇరుకు దారిలో పేగు ప్రక్కనే నరము ఉన్నది గదా. పేగు ఆ నరమును నొక్కుతుంది. ఆ నరము తొడ లోపలి వైపునకు, మోకాలి వరకు స్పర్శను అందించే నరము. అందువలన జబ్బు పేగులో ఉన్నా నొప్పి తొడలో తెలుస్తుంది. "కడుపు నొప్పి" అని చెప్పవలసిన అవ్వ "కాలు లాగుతోంది" అని చెబుతుంది. ఆమె చెప్పేది అబద్ధము కాదు. ఆమెకు నొప్పి తెలిసేది అక్కడే.

ఈ హెర్నియాను 1724లోనే ఫ్రాన్సు దేశపు వైద్యుడు ఆర్నో ద రోన్‌సిల్ వర్ణించినాడు. తొడలోనికి దిగే ఈ నొప్పిని గుర్తుగా చెప్పినవారు ఇద్దరు: 1840లో లండను శస్త్రవైద్యుడు జాన్ హౌషిప్, 1848లో బెర్లిను వైద్యుడు మోరిట్స్ రోంబెర్గ్. నేటికీ వైద్య విద్యార్థులు ఆ గుర్తును వారిద్దరి పేర్లతోనే నేర్చుకుంటారు. 1851లో హెన్రీ ఓబ్రే అనే వైద్యుడు దీనికి ఆపరేషను చేసి రోగిని బ్రతికించినాడు. అంటే ఈ వ్యాధి క్రొత్తది కాదు, చికిత్సయు క్రొత్తది కాదు. గుర్తుపట్టుటయే కష్టము. గుర్తుగా చెప్పిన ఆ తొడ నొప్పి కూడ అందరిలో ఉండదు. రోగులలో సగము మందిలోనో, అంతకంటె తక్కువ మందిలోనో కనబడుతుంది.

మన అవ్వలకే ఎందుకు?

హెర్నియాలన్నిటిలో ఇది నూటికి ఒకటి కంటె తక్కువ. కాని ఇది వచ్చినవారిని చూస్తే అందరూ దాదాపు ఒకే పోలికలో ఉంటారు. డెబ్బది దాటిన స్త్రీలు. సన్నగా, ఎండిపోయినట్లు ఉన్నవారు. ఎక్కువ కాన్పులు అయినవారు. ఏండ్ల తరబడి దగ్గో, మలబద్ధకమో ఉన్నవారు. పురుషులకంటె స్త్రీలలో ఆరు నుండి తొమ్మిది రెట్లు ఎక్కువగా వస్తుంది. స్త్రీల కటి ఎముక వెడల్పుగా ఉండడము ఒక కారణము. పాశ్చాత్య వైద్యులు దీనికి "చిన్నపాటి ముసలమ్మల హెర్నియా" అనే మారుపేరు పెట్టినారు. జపాను, తైవాను వంటి ఆసియా దేశముల ఆసుపత్రుల నుండి ఇటువంటి రోగులను గూర్చి ఎన్నో నివేదికలు వచ్చినాయి.

ఈ పోలికలు చదువుతుంటే మన పల్లెలలోని ఏ అవ్వ కండ్ల ముందుకు రాదు? అనంతపురము సీమలో ఏడాదికి కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అదియు కొన్ని ఏండ్లు మొగము చాటు చేస్తుంది. వేరుశెనగ చేతికి రాని ఏడు పిల్లలు బెంగళూరికి కూలికి పోతారు. ఇంటి దగ్గర ముసలివారు మిగులుతారు. ఉన్నది మనుమలకు పెట్టి తాను ఒక పూట సంగటితో సరిపెట్టుకున్న అవ్వలు ఎందరో. పొయ్యి పొగలో ఏండ్ల తరబడి ఊదినందున దగ్గు. నీళ్లు, కూరగాయలు తక్కువైనందున మలబద్ధకము. కొన్ని గ్రామములలో నీటిలోని ఫ్లోరైడు వలన కీళ్లు, నడుము ముందునుండే బిగిసి ఉంటాయి. అందువలన అవ్వ కాలు నొప్పి అంటే ఇంట్లో ఎవరూ ఉలిక్కిపడరు. "ఆమెకు ఎప్పుడూ ఉండేదే" అంటారు.

అదే అవ్వ ఎముకలు కూడ బోలుగా అయి ఉంటాయి. ముట్లు ఆగిపోయిన తరువాత స్త్రీల ఎముకలలో బలము వేగముగా తగ్గుతుంది. గడప తట్టుకొని పడినా విరుగుతాయి. కాబట్టి ఎముక విరగడము, పేగు జారడము, ఈ రెండూ ఒకే మనిషిలో కలిసి ఉండడము వింత కాదు. ముసలితనము, చిక్కిపోవడము రెండింటికీ ఉమ్మడి కారణములు.

ఎలా తప్పిపోతుంది?

ఈ క్రింది సంగతి ఏ ఒక్కరిదీ కాదు. అర్థము కావడము కొరకు మేము అల్లినది.

కళ్యాణదుర్గము దగ్గర ఒక పల్లెలో డెబ్బది ఎనిమిదేండ్ల అవ్వ వాకిట్లో జారి పడింది. ఎక్స్‌రే తీస్తే కటి ఎముక ముందు భాగములో సన్నని చీలిక కనబడింది. దీనికి ఆపరేషను అక్కరలేదు, విశ్రాంతి, నొప్పి మాత్రలు చాలునని చెప్పి పంపినారు. అది సరియైన మాటయే. అటువంటి చీలికలు చాల మట్టుకు అలాగే అతుక్కుంటాయి.

మూడవ దినము అవ్వకు వాంతి అయింది. "మాత్రలు పడలేదు" అన్నారు. నాలుగవ దినము కడుపు ఉబ్బింది. "పడుకొనే ఉంది గదా, అరగడము లేదు" అన్నారు. ఐదవ దినము విరేచనము కాలేదని ఆముదము త్రాగించినారు. తొడ లోపల నొప్పి మోకాలి దాకా పాకుతోందని ఆమె చెబుతూనే ఉంది. "విరిగిన ఎముక నొప్పి అలాగే ఉంటుంది" అన్నారు. ఆరవ దినము ఆమె మాట సన్నగిల్లింది, చేతులు చల్లబడినాయి. అప్పుడు బండి కట్టించుకొని 60 కిలోమీటర్ల దూరములోని అనంతపురమునకు బయలుదేరినారు.

చూడండి, ఇందులో ఎవరి మాటయు వట్టి అబద్ధము కాదు. నొప్పి మాత్రలు వాంతి తెప్పిస్తాయి. మంచము పట్టినవారికి మలబద్ధకము వస్తుంది. కటి ఎముక విరిగితే కొన్ని దినములు పేగుల కదలిక మందగించడము కూడ నిజమే. ప్రతి లక్షణమునకు ఒక సులువైన జవాబు దొరికింది. ఆ జవాబులన్నిటి క్రింద పేగు ఇరుక్కున్న సంగతి కప్పబడిపోయింది. ఈ ముక్క మీ మనస్సులో నాటుకోవాలనే మేము ఇంతగా వ్రాస్తున్నాము: ఎముక విరిగినదని ఎక్స్‌రేలో కనబడినంత మాత్రమున నొప్పి, వాంతి, ఉబ్బరము అన్నీ ఆ ఎముక వలననే అని నిర్ణయించరాదు.

దీనికి తారుమారుగా కూడ జరుగుతుంది. పడినది నిజము, నొప్పి నిజము, ఎక్స్‌రేలో ఏమీ కనబడదు. "ఎముక బాగుంది, వాయునొప్పి" అని పంపివేస్తారు. ఎక్స్‌రే బాగున్నదంటే రెండు సంగతులు ఉండవచ్చును. ఒకటి, మొదటి ఎక్స్‌రేలో కనబడని సన్నని చీలిక ఉండవచ్చును. రెండవది, అది ఎముక నొప్పియే కాకపోవచ్చును. నొప్పి తగ్గకపోతే మరల చూపించవలసినదే.

ఇంటివారు గమనించవలసిన గుర్తులు

తుంటి దగ్గర తొడ ఎముక విరిగినప్పుడు సాధారణముగా కాలు మీద బరువు మోపలేరు. ఆ కాలు రెండవ కాలికంటె పొట్టిగా కనబడవచ్చును. పాదము బయటి వైపునకు తిరిగి ఉంటుంది.

ఇరుక్కున్న పేగు నొప్పి వేరుగా ఉంటుంది. తొడ లోపలి వైపున మొదలై మోకాలి వరకు దిగుతుంది. కాలు చాచినప్పుడు, ప్రక్కకు తీసినప్పుడు, లోపలికి త్రిప్పినప్పుడు హెచ్చుతుంది. మోకాలు ముడుచుకొని పడుకుంటే కొంత ఉపశమనము ఉంటుంది. అయితే విరిగిన కాలిని మీరు త్రిప్పి పరీక్షించవద్దు. అది వైద్యుని పని. మీరు అవ్వను అడిగి తెలిసికొంటే చాలును.

నొప్పితోబాటు ఈ క్రింది వాటిలో ఏదైనా ఉంటే ఆలస్యము చేయరాదు:

1. మాటిమాటికి వాంతులు. ముఖ్యముగా పచ్చగా, తరువాత దుర్వాసనతో అయ్యే వాంతులు.
2. కడుపు ఉబ్బడము, అలలు అలలుగా మెలిపెట్టే కడుపు నొప్పి.
3. విరేచనము గాని, అపానవాయువు గాని పోకపోవడము.
4. గజ్జ మడత క్రింద చిన్న గడ్డ. నిమ్మకాయంత ఉన్నా, ఉసిరికాయంత ఉన్నా సరే.
5. ఇంతకు ముందు నెలలలో ఇటువంటి కడుపు నొప్పి, వాంతులు వచ్చి తమంతట తామే తగ్గిపోయిన జ్ఞాపకము.

మూడవ గుర్తును గూర్చి ఒక హెచ్చరిక. ఒక్కొక్కసారి పేగు పూర్తిగా కాక దాని గోడలో ఒక అంచు మాత్రమే ఇరుక్కుంటుంది. అప్పుడు దారి మూసుకుపోదు గనుక వాయువు పోతూనే ఉంటుంది. కాని ఇరుక్కున్న అంచు లోపల కుళ్లిపోతూ ఉంటుంది. కాబట్టి "గాలి పోతోంది, ఏమీ లేదు" అని ధైర్యపడవద్దు.

నాలుగవది ఫెమొరల్ హెర్నియా గుర్తు. ఇది కూడ వయస్సు మళ్లిన స్త్రీలలో ఎక్కువ. తొడ మొదట్లో, మడతకు దిగువన చిన్న గడ్డగా ఉంటుంది. దారి ఇరుకు గనుక పేగు త్వరగా బిగుసుకుంటుంది. దీనిని సెగగడ్డ అనో, బిళ్ల కట్టినదనో అనుకొని కాపడము పెట్టేవారు ఉన్నారు. అలా చేయవద్దు.

ఎముక దెబ్బ వలననే వచ్చే హెర్నియాలు

ఇంతవరకు చెప్పినవి ఎముక నొప్పి చాటున దాగేవి. ఎముక దెబ్బ నుండియే పుట్టేవి కూడ కొన్ని ఉన్నాయి. క్లుప్తముగా చెబుతాము.

రోడ్డు ప్రమాదములో ప్రక్కటెముకలు గాని, కటి ఎముక గాని విరిగినప్పుడు రొమ్మును కడుపును వేరుచేసే డయాఫ్రం అనే కండ పొర చిరగవచ్చును. ఆ చిరుగు గుండా పేగులు రొమ్ములోనికి ఎక్కుతాయి. ఒక్కొక్కరిలో ఇది వెంటనే తెలియదు. నెలలు, ఏండ్లు గడిచిన తరువాత ఆయాసము, తిన్న తరువాత రొమ్ము బరువు, వాంతులు మొదలౌతాయి. అందుకని ఆయాసమునకు చూపించేటప్పుడు పాత ప్రమాదమును కూడ వైద్యునికి చెప్పాలి.

కటి ఎముక గట్టి దెబ్బతో విరిగితే దానికి అంటుకొని ఉన్న కడుపు కండరములు ఊడి, నడుము ప్రక్కన ఉబ్బు రావచ్చును. విరిగిన ఎముక అతకడానికి నడుము ప్రక్కనున్న ఎముక నుండి ముక్క తీసి పెట్టినవారికి కూడ ఆ తీసిన చోట హెర్నియా వచ్చుట కద్దు. ఇది చాల అరుదు.

వెన్నుపూసలు బోలుగా అయి నలిగిపోయి గూని వచ్చినవారిలో కడుపులో చోటు తగ్గుతుంది. జీర్ణాశయము పైకి, రొమ్ములోనికి జారుతుంది. గుండెలో మంట, రెండు ముద్దలకే కడుపు నిండిపోవడము దీని గుర్తులు. "గ్యాసు" అని ఏండ్ల తరబడి మాత్రలు మింగే గూని అవ్వలలో కొందరికి ఉన్నది ఇదే.

ఆసుపత్రిలో ఏమి చేస్తారు?

వైద్యుడు కడుపు, రెండు గజ్జలు చూస్తాడు. రబ్బరు సుత్తితో మోకాలి దగ్గర, తొడ లోపలి కండ మీద తట్టి చూడవచ్చును. మోకాలి దగ్గర కాలు ఎగిరి, తొడ లోపలి కండ కదలకపోతే నరము నొక్కుకుపోయిందని అనుమానము. ఈ పరీక్షను హానింగ్టన్-కిఫ్ అనే వైద్యుడు 1980లో తెలియజేసినాడు. అవసరమైతే గర్భద్వారము గుండా గాని, మలద్వారము గుండా గాని వ్రేలితో పరీక్షిస్తారు. లోపల నొప్పిగల గడ్డ ఆ విధముగా కొన్నిసార్లు తగులుతుంది.

కడుపు ఎక్స్‌రే పేగు అడ్డుపడిందని చెబుతుంది గాని ఎక్కడ అడ్డుపడిందో చెప్పదు. ఆ చోటును బాగా చూపేది సి.టి. స్కాను. స్కాను కడుపుతో ఆగిపోకుండ కటి ఎముక దాటి తొడ మొదలు వరకు తీయాలి. ఈ స్కాను వచ్చిన తరువాతనే ఆపరేషనుకు ముందే ఈ వ్యాధిని పట్టుకోవడము సులువైనది. అంతకు ముందు కడుపు కోసి చూస్తేనే గాని తెలియని రోజులుండేవి.

ఆపరేషనులో ఇరుక్కున్న పేగును మెల్లగా విడిపిస్తారు. పేగుకు జీవము ఉంటే లోపల పెట్టి, సందును కుట్టో వలగుడ్డ పెట్టో మూస్తారు. పేగు నల్లబడి చచ్చిపోతే ఆ ముక్క కోసి రెండు కొనలు కలుపుతారు. రెండింటికీ చాల తేడా ఉన్నది. రక్తము అందని పేగు గంటల లెక్కలో చచ్చిపోతుంది. విరిగిన ఎముక ఒక దినము ఆగగలదు, ఇరుక్కున్న పేగు ఆగలేదు.

"ఈ వయస్సులో కోత ఎందుకు, తట్టుకుంటుందా?" అని కుటుంబములు అడుగుతాయి. ఈ ప్రశ్నలో ప్రేమ ఉండవచ్చును, గొర్రెలు అమ్మవలసి వస్తుందనే భయమూ ఉండవచ్చును. ఉన్నమాట చెబుతాము. ఈ ఆపరేషను ముసలివారికి ప్రమాదము లేనిది కాదు. కొన్ని ఆసుపత్రుల లెక్కలలో నలుగురిలో ఒకరి వరకు చనిపోయినారు. కాని వారిలో ఎక్కువమంది పేగు కుళ్లిన తరువాత వచ్చినవారు. పేగు బిగుసుకొని కుళ్లుతున్నప్పుడు ఆపరేషను చేయకుండ ఉంచితే బ్రతికే ఆశ దాదాపు లేదు. వయస్సుకంటె ఆలస్యమే ఎక్కువ మందిని తీసికొనిపోతున్నది.

చేయకూడనివి

వాంతి, ఉబ్బరము ఉన్నవారికి ఆముదముగాని, భేది మాత్రలుగాని ఇవ్వవద్దు. ఎనిమా పెట్టించవద్దు. కడుపు పిసికించవద్దు. గజ్జలోని గడ్డను లోపలికి నొక్కవద్దు. అన్నము, నీళ్లు ఇవ్వవద్దు, పెదవులు మాత్రము తడపండి. నొప్పి తగ్గే సూది ఊరిలోనే మాటిమాటికి వేయించవద్దు. నొప్పి అణగుతుంది, వ్యాధి పెరుగుతుంది.

ఎముక విరిగితే పుత్తూరు కట్టుకు పోవడము మన సీమలో తరతరముల అలవాటు. దానిని గూర్చి ఇక్కడ వాదము పెట్టుకోము. కాని వాంతులు, కడుపు ఉబ్బు ఉన్న మనిషిని ఏ కట్టుకూ తీసికొనిపోవద్దు. ముందు కడుపు చూడగల ఆసుపత్రికే తీసికొనిపోవాలి.

ఎక్కడికి, ఎలా?

వెనుకటి తరము వారు పెద్ద జబ్బు వస్తే జమ్మలమడుగులో లండను మిషను వారు పెట్టిన క్యాంప్‌బెల్ ఆసుపత్రికి బండ్లు కట్టుకొని పోయేవారు. నేడు దారులు మెరుగైనాయి. 2005 నుండి 108 బండి ఉన్నది. అనంతపురములో 2000లో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. అక్కడి ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో ఎముకల వైద్యులు, కడుపు ఆపరేషను చేసే వైద్యులు ఒకే చోట ఉంటారు. ఈ రోగులకు కావలసినది అదే. ఆరోగ్యశ్రీ పథకము 2007లో మొదట ప్రారంభమైన మూడు జిల్లాలలో మన అనంతపురము ఒకటి. 2024లో దాని పేరు ఎన్.టి.ఆర్. వైద్యసేవగా మారింది. రేషను కార్డు, ఆధార్ కార్డు అవ్వ పెట్టెలో ఎక్కడున్నాయో ఇప్పుడే చూచి పెట్టుకోండి. రాత్రి పూట వెదకరాదు.

ఆసుపత్రిలో చెప్పవలసిన మాట ఒకటి ఉన్నది. "క్రింద పడింది, కాలు నొప్పి" అని మాత్రమే చెబితే ఎముకల గదికే పంపుతారు. "అయ్యా, కాలు నొప్పితోబాటు ఇన్ని సార్లు వాంతి అయింది, కడుపు ఉబ్బింది, విరేచనము అయి ఇన్ని దినములైంది. కడుపును, గజ్జలను కూడ చూడండి" అని చెప్పండి. భయపడవద్దు. ఈ మాట చెప్పినందుకు మంచి వైద్యుడెవరూ కోపపడడు.

సిగ్గు ప్రాణము తీయకూడదు

మన అవ్వలు చీర కుచ్చిళ్లు తొలగించడానికి ఒప్పుకోరు. గజ్జలో గడ్డ ఉన్నదని కొడుకుకు చెప్పరు, కోడలికి కూడ చెప్పరు. చిన్నప్పటి నుండి వచ్చిన మర్యాద అది, దానిని వెక్కిరించరాదు. కాని దానికి దారి చూపాలి. కూతురో కోడలో వెంట ఉండి, డాక్టరమ్మ గాని నర్సమ్మ గాని ఉన్న గదిలో చూపించమని అడగండి. ఇంట్లో స్నానము చేయించేటప్పుడు కోడలే గజ్జల వైపు ఒకసారి చూస్తే ఎన్నో సంగతులు ముందే తెలుస్తాయి. స్త్రీల మైత్రి వారు మంచము పట్టిన అవ్వలను చూడబోయినప్పుడు "కాలు ఎలా ఉంది?" అన్న తరువాత "కడుపు ఎలా ఉంది అవ్వా? వాంతి అయిందా? బయటికి పోయినావా?" అని కూడ అడగాలి. చెవులు వినబడనివారిని చెవి దగ్గర అడగాలి. ఒక్క అడుగుట వలన ఒక ప్రాణము నిలువవచ్చును.

ముందు జాగ్రత్త

అవ్వ రానురాను చిక్కిపోతుంటే వయస్సు అని వదలవద్దు, చూపించండి. రెండు వారములు దాటిన దగ్గుకు క్షయ పరీక్ష చేయించండి. రాగి సంగటి మానవద్దు. 100 గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉన్నది. దానితో పప్పు, ఆకుకూర, వేరుశెనగ ఊరుబిండి, వీలైతే గ్రుడ్డు, పాలు. ఉదయపు ఎండ కొంతసేపు. మలబద్ధకము లేకుండ నీళ్లు సరిగా త్రాగనివ్వండి. రాత్రి బయటికి పోయే దారిలో దీపము, చేతికి కర్ర, వాకిట్లో తడి లేకుండ చూచుకోవడము. ఇవి పడకుండ కాపాడతాయి.

తొడ నొప్పులలో ఎక్కువ భాగము ఎముకవో, కీలువో, నడుమువో అయి ఉంటాయి. ప్రతి నొప్పికి బెదిరిపోవలసిన పని లేదు. కాలు నొప్పికి కడుపు బాధ తోడైనప్పుడు మాత్రము తెల్లవారే వరకు ఆగవద్దు. వచ్చే నెల మరొక విషయముతో కలుసుకుందాము.